మీసం పూచీ

సెప్టెంబర్ 29, 1604. సెయింట్ మైకేల్ పండుగ

ముప్పై ఏళ్ల కిందట ఇదే పండుగనాడు బుర్ఖార్ట్ రాజు తన మీసం మీద చెయ్యేసి నాకు మాటిచ్చాడు. "లుడోల్ఫ్, ముసలి మహామంత్రి కన్నుమూసిన మర్నాడు ఆ బంగారు గొలుసు నీ మెడలో ఉంటుంది" అన్నాడు. ముసలాయన కన్నుమూశాడు. మర్నాడు గొలుసు గెర్లాఖ్ ఫాన్ ష్టుబెన్ మెడలో పడింది. ఇప్పటికీ అక్కడే ఉంది. స్నానం చేసేటప్పుడు కూడా తీయడట. స్నానం ఎప్పుడు చేస్తాడన్నది వేరే ప్రశ్న.

మాటకీ గొలుసుకీ మధ్య ఒక చిన్న సంగతి జరిగింది. దాన్ని ఇక్కడ రాయనక్కర్లేదు.

నాకు పుస్తకాల గది అప్పగించారు. కొన్నేళ్లకి రాజుగారి కూతురికి చదువు చెప్పమన్నారు. ఆరు భాషల్లో చదవగలిగినవాడు ఆరేళ్ల పిల్లచేత అక్షరాలు దిద్దించాడు. సరే.

ఈ వసంతంలో బుర్ఖార్ట్ పోయాడు. ఆ పిల్ల రిఖెంజా ఇప్పుడు ఈ ఓస్టర్‌వాల్డ్‌కి రాణి. ఇంకా పూర్తిగా కాలేదు. మా దేశంలో గద్దెనెక్కేవాడు పెద్దల సభలో మీసం మీద చెయ్యేసి ప్రమాణం చేస్తేనే రాజు. మాట తప్పితే సభవారి క్షురకుడు వచ్చి నడిబజారులో ఆ మీసం గొరిగేస్తాడు. నవంబర్‌లో వచ్చే సెయింట్ మార్టిన్ పండుగ మధ్యాహ్నం గంట మోగేలోపు ప్రమాణం జరగాలి. జరగకపోతే సింహాసనం రాణి మేనత్త కొడుకు డ్యూక్ ఎగిన్‌హార్డ్‌ది.

రిఖెంజాకి మీసం లేదు.

ఈ సత్యం కనిపెట్టడానికి మంత్రిమండలికి వేసవి మొత్తం పట్టింది.

అక్టోబర్ 3

మంత్రిమండలి. నన్ను ఒక మూల కూర్చోబెట్టారు, పాత ఆచారాలు ఎవరికైనా గుర్తు రాకపోతే అడగడానికి. ఎవరూ అడగలేదు. అన్నీ వాళ్లకే గుర్తున్నాయి, తప్పుగా.

గుర్రపు తోకతో పెట్టుడు మీసం చేయిద్దామన్నాడు కోశాధికారి.

"గుర్రపు వెంట్రుకల మీద ప్రమాణం చేస్తే మాట నిలబెట్టుకోవాల్సింది గుర్రం కదండీ" అన్నాడు బిషప్.

"అయితే స్వర్గస్థులైన రాజుగారి మీసం?"

"ఆయన సమాధిలో ఉన్నారు, మీసంతో సహా."

"తవ్వితే?"

బల్ల చివర్నుంచి రాణి అంది: "మా నాన్న బతికుండగా ఆ మీసం మీద ఇచ్చిన మాటలు ఎన్ని నిలబడ్డాయో అందరికీ తెలుసు. పోయాక నిలబడతాయా? తవ్వకండి."

నేను తల దించుకుని పుస్తకం వైపు చూశాను. నన్ను ఉద్దేశించి అనలేదు. అయినా అంది.

అప్పుడు గెర్లాఖ్ లేచాడు. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. కళ్లు చెమర్చాయి. ఈ మనిషికి ఎప్పుడు కావాలంటే అప్పుడు కన్నీళ్లు వస్తాయి, బావిలో చేద వేసినట్టే. "మహారాణీ, దీనికి మందు ఒక్కటే. పెళ్లి. భర్త మీసం భార్యకీ చెల్లుతుంది. డ్యూక్ ఎగిన్‌హార్డ్ గారు..."

"మా బావ మీసం నాకు చెల్లుతుంది, నా సింహాసనం మా బావకి చెల్లుతుంది. అంతేనా మహామంత్రిగారూ?"

"ఏలినవారు మరీ వ్యాపారంలా మాట్లాడుతున్నారు."

"మీరు మరీ పెళ్లిళ్ల పేరయ్యలా మాట్లాడుతున్నారు."

ఈ ముక్క నేను నేర్పిందే అనుకుంటాను. లేదా పుట్టుకతో వచ్చిందేమో.

అక్టోబర్ 4

గెర్లాఖ్ మంచాన పడ్డాడట. దేవుడున్నాడు.

అక్టోబర్ 5

మామూలు జలుబేనట.

అక్టోబర్ 9

చివరికి నన్ను అడిగారు. చెప్పాను. నూటయాభై ఏళ్ల కిందట పసివాడైన రాజు గద్దెనెక్కినప్పుడు అతని మేనమామ మీసం పూచీ ఇచ్చాడు. పిల్లవాడు మామయ్య మీసం పట్టుకుని ప్రమాణం చేశాడు. ప్రమాణం చెల్లింది. కాకపోతే మాట తప్పితే శిక్ష పూచీ ఇచ్చినవాడికి. సింహాసనానికి ఢోకా లేదు, మీసం మాత్రం పోతుంది.

పోయింది కూడా. ప్రమాణంలో మూడు మాటలుంటాయి. సభను అడక్కుండా బీరు మీద పన్ను వేయను. సభను అడక్కుండా యుద్ధానికి పోను. ఈ సభలో నవ్వను. ఆ మూడోది ఒక పాత రాజు చలవ. కరువులో రైతులు వచ్చి గోడు చెప్పుకుంటే పొట్ట పట్టుకుని నవ్వాడట. అప్పటినుంచి ఈ షరతు. పసిరాజు ప్రమాణం చేసి కూర్చున్నాడో లేదో ఒక పావురం బిషప్ టోపీ మీద వాలింది. పిల్లవాడు నవ్వాడు. మేనమామ మీసం ఇప్పటికీ ఖజానాలో గాజుపెట్టెలో ఉంది, కిరీటం పక్కనే.

నేను చెప్పడం ముగించేసరికి అందరూ రాణి వైపు చూశారు. తండ్రి శవపేటిక మోసేవాడి లాగు జారితే కేథడ్రల్ దద్దరిల్లేలా నవ్విన మనిషి ఆవిడ.

తరవాత అందరూ తమ తమ మీసాలు తడుముకున్నారు.

అక్టోబర్ 13

ఇంత పిరికి దేశంలో పుట్టినందుకు సిగ్గుపడుతున్నాను. రాణి పూచీ అడుగుతుందన్న భయంతో దొరలంతా మీసాలు తీయించేసుకుంటున్నారు. ఒకడు చర్మవ్యాధి అన్నాడు. ఒకడు భార్య పోరు అన్నాడు, వాడికి భార్యే లేదు. కోశాధికారి నిద్రలో దానంతటదే ఊడిపోయిందన్నాడు. ఊళ్లో క్షురకులకి అన్నం తినే తీరిక లేదు. మంత్రిమండలి గది ఇప్పుడు కోడిగుడ్ల బుట్టలా ఉంది.

అందరికంటే ముందు గొరిగించుకున్నవాడు గెర్లాఖ్. ముప్పై ఏళ్ల తరవాత ఆ పైపెదవి వెలుతురు చూసింది. నీటిలోంచి తీసిన నత్తలా వణుకుతోంది. ఇన్నాళ్లూ మీసం కింద దాక్కుని ఏం చేస్తుండేదో మరి.

అక్టోబర్ 18

డ్యూక్ ఎగిన్‌హార్డ్ దిగాడు. మీసం ముందు వచ్చింది, ఆయన వెనక వచ్చాడు. రెండు కొసలూ చెవుల దాకా పాకాయి. భోజనాల దగ్గర సూప్‌లో పడకుండా వాటిని పట్టుకోవడానికి ఇద్దరు నౌకర్లు. ఒక కొసని పట్టుకున్నవాడికి తుమ్ము వచ్చింది, డ్యూక్ తల పక్కకి తిరిగిపోయింది.

రాణి పెదవి కొరుక్కుంది. చూశాను.

"మరదలా, ఎందుకీ అవస్థ? నన్ను చేసుకో. ఈ మీసం నీదే. నువ్వు హాయిగా కుట్టుపని చేసుకో. రాజ్యం నేను చూసుకుంటాను."

"నీ మీసాన్నే ఇద్దరు చూసుకుంటున్నారు బావా. రాజ్యానికి ఎంతమంది కావాలి?"

"నవ్వులాటకి హద్దుండాలి రిఖెంజా. ఆడదానివి. సెయింట్ మార్టిన్ పండుగ దాటితే నిన్ను సన్యాసినుల కన్యాశ్రమానికి పంపడం నాకూ ఇష్టం లేదు. అక్కడ చలి."

ఆ చివరి మాట చెప్పినప్పుడు అతను నవ్వలేదు. ఆవిడా నవ్వలేదు. ఆవిడ ముఖం అలా నేనెప్పుడూ చూడలేదు. సూప్ చల్లారిపోయింది.

అక్టోబర్ 20

మా ఇల్లు చూసుకునే వాల్‌బుర్గా పొద్దున క్యాబేజీ తరుగుతూ లెక్క తేల్చింది.

"అయ్యగారూ, కోటలో ఇప్పుడు మిగిలిన మీసాలు మూడు. ఒకటి డ్యూక్‌గారిది, ఒకటి మీది, ఒకటి నాది. నాదాన్ని లెక్కలోకి తీసుకోరు."

"నాదాన్నీ తీసుకోనక్కర్లేదు."

"నేను తీసుకోమన్నానా? లెక్క చెప్పాను."

"ఆ వంశం మాట నేను ఒకసారి నమ్మాను. చాలు."

"ఆ వంశం అంటే ఆ పిల్లేనా? ముక్కు చీది మీ చేతిరుమాలుతో తుడుచుకునేది, ఆ పిల్లేనా?"

వాల్‌బుర్గాకి క్యాబేజీ తరగడం రాదు. ముక్కలు మరీ లావు.

నా మీసం గురించి ఒక్క మాట. ఇది బూడిదరంగుది, వెడల్పైనది, బాతుకొవ్వుతో దువ్వినది. పదవి లేదు, పొలం లేదు, భార్య ఉండేది, ఇప్పుడు లేదు. నా దగ్గర మిగిలిన ఒకే ఒక్క గౌరవం నా ముక్కు కింద ఉంది.

అక్టోబర్ 26

రాణి నా పుస్తకాల గదికి వచ్చింది. ఊరగాయ రేగుపళ్ల జాడీ తెచ్చింది. లంచం అని అప్పుడే అర్థమైంది. మూడు తిన్నాను.

"మాస్టారూ, మీరు పూచీ ఇస్తారా?"

"ఇస్తాను. గెర్లాఖ్ మెడలో గొలుసు నా మెడలో వేస్తానని మాటివ్వు."

"ఇవ్వను."

నేను జాడీ మూత పెట్టేశాను.

"కోపం తెచ్చుకోకండి. గెర్లాఖ్‌ని తీసేస్తే దక్షిణాది దొరలంతా రేపే బావ వైపు వెళ్లిపోతారు. వాళ్లంతా ఆయన అల్లుళ్లు. ఎప్పటికైనా తీయగలనేమో, తెలియదు. తెలియనిదానికి మాటెలా ఇవ్వను? నాన్న ఎవరు ఏది అడిగితే అది ఇస్తాననేవారు. ఇప్పుడు రోజుకొకరు వచ్చి నా ముందు నిలబడి, మీ నాన్న ఇలా అన్నారు, అలా అన్నారు అంటున్నారు. నేను సభలో మూడే మాటలు ఇస్తాను. అవి నిలబెడతాను. నాలుగోది లేదు."

"మీ నాన్న నాకు చేసిన అన్యాయం..."

"నాన్న రాసిన ప్రేమపద్యం విని మీరు నవ్వారట కదా మాస్టారూ. కొలువులో, అందరి ముందూ."

సరే, ఆ చిన్న సంగతి ఇదే. రాసేస్తాను, నా వైపు న్యాయం కూడా ఉండాలి కాబట్టి. పద్యంలో ప్రియురాలి మెడను ముల్లంగితో పోల్చాడు. నేను ఆరు భాషల సాహిత్యం చదివినవాణ్ణి, ముల్లంగిని తట్టుకున్నాను. నిబ్బరంగా నిలబడ్డాను. అప్పుడు నా పక్కన గెర్లాఖ్ ఏడవడం మొదలుపెట్టాడు. ముల్లంగికి! గుండె మీద చెయ్యి, కళ్లలో నీళ్లు, ముక్కు ఎగబీల్చడం. ఎవడు ఆగగలడు? నేను నవ్వింది పద్యానికి కాదు, గెర్లాఖ్‌కి. రాజుకి ఆ తేడా తెలియలేదు. కవులకి తెలియదు.

"నవ్వించింది వాడు" అన్నాను.

"తెలుసు" అంది. నా చేతిరుమాలు తీసుకుని ముక్కు చీదింది. "నాకు చలి పడదు మాస్టారూ. ఆ కన్యాశ్రమంలో నవ్వడానికి అనుమతి కూడా లేదట."

జాడీ ఇక్కడే వదిలేసి వెళ్లింది.

అక్టోబర్ 27

ఒప్పుకున్నాను. గెర్లాఖ్‌ని ఉడికించడానికి మాత్రమే. ఇంకే కారణమూ లేదు.

అక్టోబర్ 28

ఇంకే కారణమూ లేదు. వాల్‌బుర్గా ఊరికే చూస్తోంది నా వంక.

నవంబర్ 3

శిక్షణ. రోజూ గంటసేపు నవ్వకుండా కూర్చోవడం నేర్పుతున్నాను. చదువు చెప్పినదానికంటే కష్టంగా ఉంది.

మొదట ఉప్పు పన్ను చట్టం చదివాను. నవ్వింది. "అందులో నవ్వడానికేముంది?" అంటే "మీరు చదివే తీరు, దాన్ని నమ్మినట్టు చదువుతారు" అంది. తరవాత అంత్యక్రియల ప్రసంగాలు. నవ్వింది. లవంగం పంటి కింద పెట్టుకోమన్నాను. లవంగం ఎగిరి నా పుస్తకం మీద పడింది.

నవంబర్ 7

ఈరోజు నేను డ్యూక్‌లా నడిచాను. రెండు చీపుర్లు బుగ్గలకి ఆనించుకుని. రాణి రాయిలా కూర్చుంది. కనురెప్ప కూడా కదలలేదు. వాల్‌బుర్గా నవ్వి నవ్వి పొయ్యి పక్కన కూలబడింది.

"గెలిచాం మాస్టారూ!"

గెలిచాం అంది. గెలిచాను అనలేదు. నేను చీపుర్లు వాల్‌బుర్గాకి ఇచ్చేసి బయటికి వెళ్లాను. కళ్లలో దుమ్ము పడింది. ఆ చీపుర్లతో ఇల్లు ఊడుస్తుంది కదా.

నవంబర్ 10

మీసానికి రెండు పూతలు బాతుకొవ్వు పట్టించాను. అద్దంలో చూసుకున్నాను. నలభై ఏళ్ల స్నేహం.

భయం నాకు కాదు.

నవంబర్ 11. సెయింట్ మార్టిన్ పండుగ

సభ కిక్కిరిసింది. మూడు వందల నున్నటి ముఖాలు. డ్యూక్ ముందు వరసలో, మీసం కొసలు పట్టుకుని నౌకర్లు. నన్ను సింహాసనం పక్కన పీట మీద నిలబెట్టారు, రాణి చెయ్యి సరిగ్గా అందేలా. నన్ను చూసి వెనకనుంచి ఎవరో "వేలానికి పెట్టిన మేకపోతు" అన్నారు. గొంతు గుర్తుపట్టాను. పేరు రాసి పెట్టుకున్నాను.

రాణి చెయ్యి చాచి నా మీసం పట్టుకుంది. ఆ చెయ్యి మంచులా ఉంది. బాతుకొవ్వు వల్ల జారింది. మళ్లీ పట్టుకుంది, ఈసారి గట్టిగా.

"సభను అడక్కుండా బీరు మీద పన్ను వేయను" అంది. గొంతు చిన్నగా ఉంది.

"వినపడటం లేదు!" అన్నాడు డ్యూక్.

"వినపడకపోతే ఆ మీసం చెవుల్లోంచి తీయించుకో బావా." సభ నవ్వింది. ఆవిడ నవ్వలేదు. గొంతు పెరిగింది. "సభను అడక్కుండా యుద్ధానికి పోను. ఈ సభలో నవ్వను. ఈ మీసం సాక్షి."

బిషప్ చేయెత్తాడు. ప్రమాణం చెల్లింది. గంట మోగింది. డ్యూక్ ముఖం పాలిపోయింది. అక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది!

కానీ మహామంత్రి లేచి రాణికి జేజేలు పలకాలి, అది ఆచారం. గెర్లాఖ్ లేచాడు. నెల కిందటి దాకా ఈమెను డ్యూక్‌కి కట్టబెట్టడానికి తిరిగినవాడు ఇప్పుడు గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "దేశానికి తల్లి దొరికింది..." అన్నాడు. కళ్లలోంచి ధారలు. ముప్పై ఏళ్ల కిందటి అదే ముఖం, అదే ఎగబీల్పు. తేడా ఒక్కటే. ఇప్పుడు పైన మీసం లేదు. ఆ పైపెదవి విడిగా, దాని ఇష్టానికి అది, ఒడ్డున పడ్డ చేపపిల్లలా టపటపలాడుతోంది.

నేను నవ్వలేదు. ఈ విషయం దేవుడి ముందైనా చెబుతాను. పళ్లు బిగించాను. ఊపిరి బిగబట్టాను. ముల్లంగి గుర్తొచ్చింది, అయినా నవ్వలేదు.

నా మీసం కొంచెం కదిలిందని బిషప్ అంటున్నాడు. చలికి కదిలి ఉండొచ్చు.

రాణి చెయ్యి ఇంకా నా మీసం మీదే ఉంది. ఆ వేళ్లు ఒక్కసారి బిగుసుకున్నాయి. నా వైపు తిరిగి చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. అప్పుడు ఆ పిల్ల నోట్లోంచి మొదట ఒక చిన్న కీచు, తరవాత ఒక గురక, ఆ తరవాత చిన్నప్పుడు నా పుస్తకాల గది కిటికీలు అదరగొట్టిన ఆ నవ్వు. నా మీసం వదలకుండానే నవ్వింది. ఆవిడ ఊగితే నా తలా ఊగింది. ఆ ఊపులో మరి నా నోట్లోంచి కూడా ఏవో శబ్దాలు వచ్చాయేమో, చెప్పలేను.

"మాట తప్పింది! ప్రమాణం పోయింది!" అని డ్యూక్ అరిచాడు.

"ప్రమాణం పోలేదు ప్రభూ. మీసం పోయింది" అన్నాడు బిషప్.

నవంబర్ 12

సంత మధ్యలో గొరిగారు. బాతు మాంసం కొనడానికి వచ్చిన ఊరంతా చూసింది. రాణి స్వయంగా వచ్చి నా మెడకి తువ్వాలు కట్టింది.

"క్షమించండి మాస్టారూ. రెండు మాటలు నిలబెట్టుకుంటాను. మూడోది..."

"మూడోది నీ తప్పు కాదు తల్లీ" అన్నాను. నోరు జారి తల్లీ అన్నాను. సబ్బు నోట్లోకి పోయింది, అందువల్ల.

డ్యూక్ తన మీసంతో సహా వెళ్లిపోయాడు. నా మీసాన్ని గాజుపెట్టెలో పెట్టి ఖజానాకి తీసుకెళ్లారు. మొదటిసారి నేను కిరీటం పక్కన చేరాను, నేను లేకుండా.

ఇంటికొస్తే కుక్క మొరిగింది. వాల్‌బుర్గా తలుపు తీసి "అయ్యగారు ఇంట్లో లేరండీ" అంది. తరవాత గుర్తుపట్టి, "అబ్బో, మీకు పెదవులున్నాయే!" అంది.

నవంబర్ 15

నాకు మాత్రమే గుర్తున్న ఆచారం ఒకటుంది. పూచీ పోగొట్టుకున్నవాడికి మీసం మళ్లీ మొలిచేదాకా సభలో రాణి పక్కన కుర్చీ వేయాలి. చెప్పాను. బిషప్ పాత పుస్తకాలు తిరగేసి నిజమేనన్నాడు. కుర్చీ వేశారు. మెత్తటిది. సరిగ్గా గెర్లాఖ్‌కి ఎదురుగా.

రాణి ఏ సంగతైనా ముందు నా వైపు వంగి "ఏమంటారు మాస్టారూ?" అని అడుగుతుంది. గెర్లాఖ్ గొలుసు సవరించుకుంటాడు.

డిసెంబర్ 4

మొలకలు వస్తున్నాయి. దురద. క్షురకుణ్ణి రోజూ పొద్దున్నే రమ్మన్నాను. కేవలం దురద వల్ల.

డిసెంబర్ 20

చాలా ఆలోచించాను. బుర్ఖార్ట్‌ని క్షమించాను, కవికి బుద్ధి ఉండదు. రిఖెంజాని క్షమించడానికి అసలు తప్పే లేదు. నా మీసం కదిలిందన్న బిషప్‌ని కూడా వదిలేస్తున్నాను, ఆయనకి చూపు ఆనదు. ముప్పై ఏళ్ల కిందటి గొలుసుకీ ఈ చలికాలంలో నా ముక్కు కింద కొడుతున్న గాలికీ, రెండింటికీ బాధ్యుడు ఒక్కడే. ఏడవాల్సిన చోట ఏడవనివాడు, ఏడవకూడని చోట ఏడ్చేవాడు. గెర్లాఖ్ ఫాన్ ష్టుబెన్.